10:30 బస్సు 630 ఎందుకైంది? యామెల్ రాయడం మొదలుపెట్టేవాళ్లకు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్తా, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. డిగ్రీ ప్రాజెక్టు కోసం నల్లగొండ బస్టాండ్ నుంచి బయల్దేరే బస్సుల వేళలు యామెల్ (YAML, డేటానూ సెట్టింగులనూ మామూలు అక్షరాల్లో రాసుకునే పద్ధతి) ఫైల్లో రాశావు. పైథాన్‌లో చదివితే దేవరకొండ బస్సు 09:30 అని సరిగ్గానే వచ్చింది, మిర్యాలగూడ బస్సు 10:30 బదులు 630 అని వచ్చింది. అంతకుముందు ట్యాబ్ దగ్గర ఏదో ఎర్రర్ వచ్చి పూట మొత్తం పోయింది. "అన్నా, ఈ సింటాక్స్ అంతా బట్టీ పట్టాలా, కోర్సులో చేరాలా" అని చివర్లో అడిగావు.

కోర్సు అక్కర్లేదు. బట్టీ పట్టడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు కూడా. కానీ ఒక అలవాటు మాత్రం ఇప్పుడే చేసుకోవాలి: రాసిన ప్రతిసారీ, మెషిన్ దాన్ని ఏమని చదివిందో చూసుకోవడం. యామెల్ మనుషులు చదవడానికి వీలుగా ఉంటుందని అందరూ చెప్తారు, అది నిజమే. కాకపోతే మనం చదివేది ఒకటి, మెషిన్ చదివేది ఇంకొకటి అయ్యే సందర్భాలు దీనిలో చాలా ఉన్నాయి. ఎర్రర్ వచ్చిందంటే నీ అదృష్టం, ఏ లైనో చెప్తుంది, సరిచేసుకుంటావు. ఎర్రర్ ఏమీ రాకుండా డేటా మారిపోయిందే, నీ 630 లాంటిది, దానికే భయపడాలి.

నువ్వు పెట్టిన ఫైల్ ఇది:

బస్టాండ్: నల్లగొండ
బస్సులు:
  - ఊరు: దేవరకొండ
    సమయం: 09:30
  - ఊరు: మిర్యాలగూడ
    సమయం: 10:30

యామెల్‌లో ఉన్న ఆకారాలన్నీ ఈ ఆరు లైన్లలోనే ఉన్నాయి. పేరు, దాని విలువ, మధ్యలో కోలన్: అది ఒక ఆకారం, దాన్ని మ్యాపింగ్ అంటారు. ముందు హైఫన్ పెట్టి వరసగా రాసేది రెండోది, అది లిస్ట్. ఇక విడిగా ఉండే అక్షరాలు, అంకెలు: నల్లగొండ, దేవరకొండ, 09:30 లాంటివి. మ్యాపింగ్‌లో లిస్ట్ పెట్టొచ్చు, లిస్ట్‌లో మళ్లీ మ్యాపింగ్ పెట్టొచ్చు. నువ్వు చేసింది అదే. సర్వర్లలో ప్రోగ్రాంలను నడిపే కుబర్నెటిస్ అనే టూల్ ఫైలు రెండు వందల లైన్లున్నా లోపల ఉండేవి ఈ మూడే.

ఏది దేని లోపల ఉందో చెప్పేది లైన్ ముందున్న ఖాళీ. బ్రాకెట్లు లేవు కాబట్టి ఆ ఖాళీయే వ్యాకరణం. ఎన్ని స్పేసులు పెట్టాలన్న పట్టింపు లేదు, రెండు పెట్టడం అందరి అలవాటు. ఒకే స్థాయిలో ఉన్నవి మాత్రం ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఆ ఖాళీ కోసం ట్యాబ్ వాడకూడదు, ఇది యామెల్ నియమం. ఒక్కో ఎడిటర్ ట్యాబ్‌ను ఒక్కో వెడల్పులో చూపిస్తుంది కాబట్టి దాన్ని మొత్తానికే వద్దన్నారు. నీకొచ్చిన "కెనాట్ స్టార్ట్ ఎనీ టోకెన్" అనే ఎర్రర్ దీనిదే. నోట్‌ప్యాడ్ పక్కన పెట్టి వీఎస్ కోడ్ వాడు. కింద కుడివైపు "స్పేసెస్: 2" అని ఉండేలా చూసుకుంటే, నువ్వు ట్యాబ్ నొక్కినా అది స్పేసులే వేస్తుంది.

ఈ ఖాళీ ఎంత పని చేస్తుందో మన ప్రాజెక్టులతోనే చూపిస్తా.

నాగార్జునసాగర్:
  నది: కృష్ణా
  పూర్తి నీటిమట్టం అడుగుల్లో: 590
  గేట్లు: 26
మూసీ ప్రాజెక్టు:
  నది: మూసీ
  పూర్తి నీటిమట్టం అడుగుల్లో: 645

ఇందులో "గేట్లు: 26" అన్న లైన్ ముందున్న రెండు స్పేసులు పొరపాటున చెరిగిపోయాయనుకో. ఎర్రర్ రాదు. గేట్లు అనేది సాగర్ లోపలి నుంచి బయటికొచ్చి, సాగర్‌కూ మూసీకీ సమానంగా ఇంకో ప్రాజెక్టులాగా నిలబడుతుంది. సాగర్‌కు ఎన్ని గేట్లు అని నీ ప్రోగ్రాం వెతికితే అలాంటిదేమీ లేదంటుంది. నువ్వేమో ఫైల్ తెరిచి, గేట్లు ఇక్కడే ఉన్నాయి కదా అని ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చుంటావు.

ఇంకో సంగతి గమనించు, "అడుగుల్లో" అన్న మాటను పేరులో పెట్టాను. "590 అడుగులు" అని విలువలో రాస్తే అది అంకె కాకుండా మాట అవుతుంది, దాంతో లెక్కలు చేయలేవు. కొలమానం పేరులో, అంకె విలువలో ఉంటే ఏ ప్రోగ్రాంకైనా సులువు.

హైఫన్ మర్చిపోతే జరిగేది ఇంకా ఘోరం. నీ ఫైల్లో రెండో బస్సు ముందున్న హైఫన్ పోయిందనుకుందాం:

బస్సులు:
  - ఊరు: దేవరకొండ
    సమయం: "09:30"
    ఊరు: మిర్యాలగూడ
    సమయం: "10:30"

చూడటానికి రెండు బస్సులే. మెషిన్‌కు మాత్రం ఒకటే బస్సు, దానికి ఊరు అన్న పేరు రెండుసార్లు ఉంది. ఒకే స్థాయిలో ఒకే పేరు రెండుసార్లు రాకూడదని యామెల్ నియమాల్లో స్పష్టంగా ఉంది. కొన్ని లైబ్రరీలు ఇక్కడ ఆగి ఎర్రర్ ఇస్తాయి. నువ్వు వాడుతున్న పైయామెల్ అనే పైథాన్ లైబ్రరీ ఇవ్వదు, చివర వచ్చినదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. దేవరకొండ బస్సు ఫైల్లో ఉంటుంది, ప్రోగ్రాంలో ఉండదు.

కోలన్ తర్వాత, హైఫన్ తర్వాత ఒక స్పేస్ తప్పనిసరి. "ఊరు:దేవరకొండ" అని అతికించి రాస్తే అది పేరూ విలువా కాదు, మొత్తం కలిపి ఒకే మాట. లిస్ట్ దగ్గర కూడా అంతే:

ఆగే చోట్లు:
  -నార్కట్‌పల్లి
  -చిట్యాల
  -చౌటుప్పల్

ఇది మూడు ఊళ్ల లిస్ట్ అనుకుంటాం. వచ్చేది "-నార్కట్‌పల్లి -చిట్యాల -చౌటుప్పల్" అనే ఒకే పొడుగాటి మాట. దీనికీ ఎర్రర్ రాదు. చిన్న లిస్టులైతే ఒకే లైన్లో చదరపు బ్రాకెట్లలో రాసుకోవచ్చు: ఆగే చోట్లు: [నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్]. డేటా రాసే ఇంకో పద్ధతి జేసన్ (JSON) తెలిసినవాళ్లకు ఇది పరిచయమే. 2009లో వచ్చిన యామెల్ 1.2 జేసన్‌ను తనలో కలుపుకునేలా నియమాలు రాసుకుంది కాబట్టి, జేసన్ తీరులో రాసింది కూడా యామెల్‌గానే చెల్లుతుంది.

ఇప్పుడు నీ 630 సంగతి. కోట్స్ పెట్టకుండా రాసిన ప్రతి విలువనూ యామెల్ చదివేటప్పుడు, ఇది అంకెలా ఉందా, తేదీలా ఉందా, అవును-కాదులా ఉందా అని పోల్చి చూస్తుంది. దేనికీ కుదరకపోతేనే మాటగా తీసుకుంటుంది. 2005 నాటి యామెల్ 1.1 నియమాల్లో అరవై ఆధారంగా ఉండే అంకెలు కూడా ఉన్నాయి, గంటలు నిమిషాల లెక్క అన్నమాట. 10:30 ఆ నమూనాకు సరిగ్గా సరిపోయింది. పదిని అరవైతో గుణించి ముప్పై కలిపితే 630. మరి 09:30 ఎందుకు తప్పించుకుంది? ఆ నమూనాలో మొదటి అంకె ఒకటి నుంచి తొమ్మిది లోపు ఉండాలి. సున్నాతో మొదలైంది కాబట్టి అది అంకె కిందికి రాలేదు, మాటగా మిగిలింది. అంటే నీ ఫైల్లో పదికి ముందు బస్సులన్నీ సరిగ్గా వస్తాయి, పది నుంచి ఉన్న బస్సులే చెడిపోతాయి. సగం సరిగ్గా ఉండటం వల్ల తప్పు ఎక్కడుందో తేలదు, అందుకే టెన్షన్ పడ్డావు.

1.2లో ఈ అరవై లెక్క తీసేశారు. కానీ పైయామెల్ ఇప్పటికీ 1.1 దారిలోనే నడుస్తుంది. చాలా ప్రోగ్రాంలను కలిపి నడిపే డాకర్ కంపోజ్ అనే టూల్‌లో పోర్టు నంబర్లకు కోట్స్ పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది కూడా దీనికే: 22:22 అని ఊరికే రాస్తే పాత నియమం దాన్ని 1342 అని లెక్కగట్టేస్తుంది.

మందు ఒకటే, కోట్స్. సమయం: "10:30" అని రాయి, ఇక దాన్ని ఎవరూ లెక్కగట్టరు.

ఈ రకం తప్పులు ఇంకా ఉన్నాయి, నీ చేతికి తగిలేవి మాత్రం చెప్తా. బస్టాండ్ ఫోన్ నంబర్ రాయాలనుకో, నల్లగొండ ఎస్టీడీ కోడ్ 08682, మహబూబ్‌నగర్‌ది 08542. 1.1 నియమంలో సున్నాతో మొదలయ్యే అంకెలు ఎనిమిది ఆధారంగా ఉంటాయి, వాటిలో ఎనిమిదీ తొమ్మిదీ రాకూడదు. వీటిలో ఎనిమిది ఉంది కాబట్టి పైయామెల్ మాటగా వదిలేస్తుంది. 1.2 నియమంలో అవి మామూలు అంకెలు, సున్నా పోయి 8682, 8542 అవుతాయి. ఇక 0123 లాంటి రోల్ నంబర్ అయితే 1.1లో 83 అవుతుంది, 1.2లో 123 అవుతుంది. ఫైల్ అదే, చదివేవాడు మారితే డేటా మారింది. వెర్షన్ నంబర్లలో 3.10 అని రాస్తే 3.1 అయిపోతుంది, పైథాన్ వెర్షన్ రాసేటప్పుడు చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. తేదీని 2014-06-02 అని రాస్తే పైయామెల్ దాన్ని తేదీ వస్తువుగా మారుస్తుంది. మనం మామూలుగా రాసే 02-06-2014 మాత్రం మాటగానే ఉంటుంది.

అవును-కాదుల సంగతి కూడా తెలుసుకో. ఇంగ్లీషు అక్షరాల్లో యెస్, నో, ఆన్, ఆఫ్ అని రాస్తే 1.1లో అవి ట్రూ, ఫాల్స్ అవుతాయి. నార్వే దేశపు రెండక్షరాల కోడ్ ఎన్, ఓ. దేశాల కోడ్‌ల లిస్ట్ రాసినవాళ్లకు నార్వే బదులు ఫాల్స్ వచ్చేది, యామెల్ వాడేవాళ్లలో ఇది బాగా తెలిసిన ఉదాహరణ. బోరు మోటర్ స్థితిని ఇంగ్లీషులో ఆన్ అని దాచుకుంటే నీకూ అదే జరుగుతుంది. 1.2లో ట్రూ, ఫాల్స్ అన్న రెండు మాటలకే ఆ హోదా ఉంచారు. తెలుగు లిపిలో ఆన్ అని రాస్తే ఏ నియమంలోనైనా అది మాటే. అలాగే ౧౦ అని తెలుగు అంకెల్లో రాసినా మాటే, అంకె కాదు.

నేను పాటించేది నీకూ చెప్తున్నా: కూడికలు తీసివేతలు చేయని ఏ అంకెకైనా కోట్స్ పెట్టు. ఫోన్ నంబర్, పిన్‌కోడ్, హాల్ టికెట్ నంబర్, వేళ, వెర్షన్, బండి నంబర్, అన్నీ దీని కిందికే వస్తాయి. నీటిమట్టం, చార్జీ, సీట్ల సంఖ్య అంకెలుగానే ఉండనివ్వు.

కోట్స్ రెండు రకాలు. ఒంటి కోట్స్‌లో ఏది రాస్తే అదే ఉంటుంది. జంట కోట్స్‌లో వెనక్కి వాలిన గీతకు ప్రత్యేక అర్థం ఉంది, విండోస్ ఫోల్డర్ దారులు రాసేటప్పుడు ఒంటివే మంచిది.

కోలన్, హ్యాష్ అనే రెండు గుర్తులు విలువ మధ్యలో వస్తే జాగ్రత్త. "గమనిక: ఆగే చోట్లు: చిట్యాల" అని ఒకే లైన్లో రాస్తే "మ్యాపింగ్ వాల్యూస్ ఆర్ నాట్ అలౌడ్ హియర్" అని ఎర్రర్ వస్తుంది, అది చూడగానే ఆ లైన్లో రెండో కోలన్ కోసం వెతుకు. హ్యాష్ ఎర్రర్ కూడా ఇవ్వదు. "ప్లాట్‌ఫాం: నంబర్ #3" అని రాస్తే స్పేస్ తర్వాత హ్యాష్ వచ్చింది కాబట్టి అక్కడి నుంచి అంతా కామెంట్, నీకు దక్కేది "నంబర్" అన్న మాట ఒక్కటే. రెండింటికీ కోట్స్ చాలు.

పొడుగాటి రాత ఉంటే నిలువు గీత గుర్తు వాడు:

గమనిక: |
  ఆదివారం సర్వీసులు తక్కువ.
  చిల్లర దగ్గర పెట్టుకోండి.

లైన్లు ఎలా విడగొట్టావో అలాగే ఉంటాయి. నిలువు గీత బదులు > గుర్తు పెడితే రెండు లైన్లూ మధ్యలో ఒక స్పేస్‌తో కలిసి ఒకటవుతాయి. ఈ రాత లోపల కోలన్లు, హ్యాష్‌లు ఎన్నున్నా ఇబ్బంది లేదు.

ఇక తెలుగులో యామెల్ రాసేవాళ్లకు మాత్రమే వచ్చే కష్టాలు కొన్ని ఉన్నాయి, వీటిని ఇంగ్లీషు ట్యుటోరియళ్లలో ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగి చదువు. మన తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని పెడుతుంటాయి. మహబూబ్‌నగర్ అని రాసేటప్పుడు బ, న కలిసిపోయి ఒత్తు రాకుండా ఆపేది అదే. మాట మధ్యలో అది అవసరం. మాట చివర కూడా కొన్నిసార్లు వచ్చి కూర్చుంటుంది. అప్పుడు "బస్టాండ్" అన్న పేరు రెండు చోట్ల అచ్చం ఒకేలా కనిపిస్తుంది, మెషిన్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఉన్న పేరే లేదని పైథాన్ అంటుంటే ముందు దీన్ని అనుమానించు, రెండు మాటల పొడవు లెక్కపెట్టించి చూడు. విలువలు తెలుగులో హాయిగా రాసుకో, ప్రోగ్రాం వెతికే పేర్లు మాత్రం చిన్న ఇంగ్లీషు మాటలుగా పెట్టుకొమ్మనే నా సలహా. ఇక్కడ నువ్వు చదవడానికి వీలుగా ఉంటుందని నేను తెలుగు పేర్లు రాశాను, అవి యామెల్‌లో చెల్లుతాయి కూడా.

వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన ఉదాహరణను కాపీ చేస్తే వంకర కోట్స్ వస్తాయి. యామెల్‌కు అవి కోట్స్ కావు, మామూలు అక్షరాలు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు మామూలు స్పేస్‌లా కనిపించే వేరే రకం స్పేస్ రావచ్చు, దాన్ని యామెల్ ఖాళీగా లెక్కపెట్టదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయనిపించి కూడా ఎర్రర్ పోకపోతే, ఆ లైన్ చెరిపేసి చేత్తో మళ్లీ టైప్ చెయ్.

పైథాన్ నుంచి యామెల్ ఫైల్ రాయిస్తే తెలుగు అక్షరాల చోట యూ 0సీ అంటూ కోడ్‌లు వస్తాయి, కంగారు పడకు, డేటా పోలేదు. డంప్ చేసేటప్పుడు, అంటే ఫైల్లోకి రాయించేటప్పుడు, అలౌ యూనికోడ్ అన్న ఆప్షన్‌ను ట్రూ చేస్తే తెలుగు తెలుగులాగే వస్తుంది. సార్ట్ కీస్ అన్నది ఫాల్స్ చేస్తే నువ్వు పెట్టిన వరస మారదు.

చదివేటప్పుడు ఎప్పుడూ సేఫ్ లోడ్ అనే ఫంక్షన్‌తోనే చదువు. పైయామెల్‌లో ఉన్న కొన్ని లోడర్లు ఫైల్లో ఉన్న రాతను బట్టి పైథాన్ వస్తువులను తయారుచేస్తాయి, ఎవరో పంపిన ఫైల్ నీ మెషిన్‌లో కోడ్ నడిపించే ప్రమాదం ఉంది. సేఫ్ లోడ్‌తో ఆ భయం లేదు.

నేర్చుకోవడం ఎలా అన్నావు కదా. వీడియోలు వరసపెట్టి చూడకు. ఒక చిన్న పైథాన్ ఫైల్ పెట్టుకో, అది యామెల్ చదివి, వచ్చినదాన్ని అలాగే ప్రింట్ చేయాలి, అంతే. ప్రింట్‌లో మాటలకు చుట్టూ కోట్స్ కనిపిస్తాయి, అంకెలకు కనిపించవు, ఏది ఏమైందో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మన ఉమ్మడి జిల్లాలతో ఒక ఫైల్ రాయి. ఉమ్మడి నల్లగొండ కింద నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఉమ్మడి పాలమూరు కింద మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట. ఒక్కో జిల్లాకు ఏర్పడిన సంవత్సరం కూడా పెట్టు: 2016లో కొత్తగా ఏర్పడినవి, 2019లో ఏర్పడిన నారాయణపేట. ముందు కాగితం మీద ఏది దేని కింద వస్తుందో గీసుకుని, తర్వాత టైప్ చెయ్. నడిచాక కావాలనే ఒక స్పేస్ తీసి, ఒక హైఫన్ తీసి, ఒక కోట్ తీసి ప్రింట్‌లో ఏం మారిందో చూడు. ఫైల్‌ను ఇలా చెడగొట్టి చూసినవాళ్లకు రేపు ఎవరి ఫైల్ చేతికొచ్చినా తప్పు కంటికి కనబడుతుంది. యామెల్ లింట్ అనే చిన్న టూల్ కూడా ఇన్‌స్టాల్ చేసుకో, రెండుసార్లు వచ్చిన పేర్లను అది పట్టిస్తుంది.

ఒకే ముక్కను చాలాచోట్ల వాడుకునే యాంకర్లు, మూడు హైఫన్‌లతో ఒకే ఫైల్లో చాలా డాక్యుమెంట్లు పెట్టడం, టైపు ట్యాగులు, ఇవన్నీ ఇప్పుడు వద్దు. డాకర్ కంపోజ్ ఫైల్ ఒకటి సొంతంగా రాసి నడిపాక, కుబర్నెటిస్‌కు వెళ్లు. మూడు హైఫన్‌ల అవసరం అక్కడ తనంతట తనే వస్తుంది. అక్కడ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాంకు బయటి నుంచి ఇచ్చే సెట్టింగు) విలువలన్నీ మాటలుగానే ఉండాలి. 8080 అని కోట్స్ లేకుండా రాస్తే అంకె ఇచ్చావంటూ కుబర్నెటిస్ ఆ ఫైల్‌ను తీసుకోదు, "8080" అని రాస్తే తీసుకుంటుంది.